కాంపోస్తెలా యాత్రామార్గం: క్రైస్తవ పూర్వ మూలాల వాదం – ఒక విమర్శ

మధ్యయుగ ఐరోపాలో రోము, యెరూషలేములతో సమానంగా పేరుపొందిన సాంతియాగో దె కాంపోస్తెలా యాత్ర ఎలా విస్తరించిందో గత భాగంలో మీరు చదివారు. ఆ యాత్రను గురించి తరచుగా వినిపించే ఒక వాదాన్ని ఈ భాగంలో పరిశీలిద్దాం. స్పెయిన్ దేశపు వాయవ్య మూలన ఉన్న గాలీసియాకు క్రైస్తవులు నడిచివెళ్లే దారి నిజానికి క్రైస్తవం కంటే పాతదని ఈ వాదం చెబుతుంది. దీని ప్రకారం కెల్టిక్ తెగలవారు, వారికంటే ముందున్నవారు కూడా, సూర్యుడు సముద్రంలో అస్తమించే చోటిని చూడటానికి అదే దారిన పడమటికి నడిచారు. చర్చి ఆ పాత యాత్రను ఆపలేక, దానికి యాకోబు అనే అపొస్తలుని పేరు తగిలించింది.

ఈ వాదం యాత్రికుల గైడు పుస్తకాల్లో, నవలల్లో, టెలివిజన్ కార్యక్రమాల్లో స్థిరపడిన సత్యంలా కనిపిస్తుంది. విద్యార్థుల సమాధాన పత్రాల్లో కూడా “ఈ యాత్రకు క్రైస్తవ పూర్వ మూలాలు ఉన్నాయి” అని ఒక్క వాక్యం రాసి తరువాతి అంశానికి వెళ్లిపోవడం కనిపిస్తుంది. ఆ వాక్యం పూర్తిగా తప్పయితే ఇంత చర్చ అవసరం ఉండేది కాదు. అందులో కొంత నిజం ఉంది. ఆ నిజం దేనికి వర్తిస్తుందో, దేనికి వర్తించదో విడదీయడమే ఇక్కడ మన పని. అందుకోసం “మూలం” అనే మాటను గట్టిగా ప్రశ్నించాలి. దేని మూలం? దారిదా, సమాధి ఉన్న స్థలానిదా, అక్కడ జరిగే ఆచారాలదా, లేక యాత్ర అనే సామూహిక కార్యానిదా? ఈ నాలుగూ ఒకే చోట పుట్టి ఉండవలసిన అవసరం లేదు.

అపొస్తలుని కథ ఎంత బలమైనది?

క్రైస్తవ పూర్వ వాదం ఇంత సులభంగా నమ్మకం సంపాదించడానికి మొదటి కారణం చర్చి కథనంలోని బలహీనతే. జెబెదయి కుమారుడైన యాకోబును హేరోదు రాజు కత్తితో చంపించాడని అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం చెబుతుంది. ఇది సుమారు క్రీ.శ. 44లో యెరూషలేములో జరిగింది. ఆయన స్పెయిన్ వెళ్లినట్లు కొత్త నిబంధనలో ఎక్కడా లేదు. ఆయన అక్కడ బోధించాడనే మాట 7వ శతాబ్దం ప్రాంతం నుంచి కనిపిస్తుంది. సమాధి బయటపడింది 9వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో. సాధారణంగా 820–830 మధ్య అని చెబుతారు. ఒక ఏకాంతవాసి అడవిలో వింత వెలుగులు చూశాడనీ, ఇరియా బిషప్పు తియొదొమీరో వెళ్లి సమాధిని గుర్తించాడనీ, అస్తూరియాస్ రాజు రెండవ అల్ఫోన్సో అక్కడ చర్చి కట్టించాడనీ కథ. ఈ కథను వివరంగా చెప్పే అతి పాత పత్రం 1077 నాటిది. అంటే సంఘటనకూ దాని వివరణకూ మధ్య సుమారు రెండున్నర శతాబ్దాల ఎడం ఉంది.

అయితే ఇక్కడ మరొక విషయాన్ని కూడా గమనించాలి. తియొదొమీరో అనే బిషప్పు అసలు ఉన్నాడా అని సందేహించిన పండితులు ఉండేవారు. 1955లో కెథెడ్రల్ కింద జరిపిన తవ్వకాల్లో ఆయన పేరు, 847 నాటి మరణ తేదీ చెక్కిన సమాధి రాయి దొరికింది. కథలోని వెలుగులకు ఆధారం లేకపోవచ్చు, కాని బిషప్పు మాత్రం నిజమైన మనిషి. పురాణం, చరిత్ర ఒకే కథలో ఇలా కలిసి ఉంటాయి. ఒకటి తేలిపోయిందని రెండోదాన్ని కూడా పారేయకూడదు.

అదే తవ్వకాల్లో కెథెడ్రల్ కింద రోమన్ కాలపు సమాధి కట్టడం, దాని చుట్టూ రోమన్ కాలానికీ తరువాతి స్వేబిక్ రాజ్య కాలానికీ చెందిన శ్మశానవాటిక బయటపడ్డాయి. క్రైస్తవ పూర్వ వాదాన్ని సమర్థించేవారు దీన్ని గొప్ప ఆధారంగా చూపుతారు. కాని ఒకచోట శ్మశానం ఉన్నదంటే ఆ పరిసరాల్లో మనుషులు బతికారనీ, చనిపోయారనీ అర్థం. దూరదేశాల నుంచి జనం అక్కడికి మొక్కుకోవడానికి నడిచివచ్చారని దానివల్ల తేలదు. కాంపోస్తెలా అనే పేరుకు “నక్షత్ర క్షేత్రం” అని అర్థం చెప్పడం అందరికీ తెలుసు. సమాధి చేయడం అనే అర్థమిచ్చే లాటిన్ ధాతువు నుంచి ఆ పేరు వచ్చిందనే అభిప్రాయం కూడా ఉంది. కింద దొరికిన శ్మశానాన్ని బట్టి చూస్తే రెండో అర్థమే నేలకు దగ్గరగా ఉన్నట్లు తోస్తుంది.

మరి ఆ సమాధిలో ఉన్నది ఎవరు? 1900లో ఫ్రెంచి చర్చి చరిత్రకారుడు లూయీ డ్యుషేన్ ఒక ఊహ ముందుకు తెచ్చాడు. ప్రిసిలియన్ అనే స్పానిష్ బిషప్పుకు మంత్రప్రయోగ నేరం మోపి, సుమారు 385లో త్రియర్ నగరంలో మరణశిక్ష అమలు చేశారు. ఆయన అనుచరులు దేహాన్ని స్వదేశానికి తీసుకువచ్చి గౌరవించారు. గాలీసియాలో ఆయన ప్రభావం రెండు శతాబ్దాలు నిలిచింది. కాబట్టి ఈ సమాధి ఆయనదై ఉండవచ్చునని డ్యుషేన్ ఊహ. ఇది ఆలోచించదగిన ఊహే, కాని రుజువు కాలేదు. పరీక్ష రాసేవారు ఇక్కడ ఒక పొరపాటు తరచుగా చేస్తారు. ప్రిసిలియన్‌ను “క్రైస్తవ పూర్వ మూలం” కింద రాస్తారు. ఆయన క్రైస్తవుడు, పైగా బిషప్పు. చర్చి ఆయనను తప్పుడు బోధకునిగా ఖండించినంత మాత్రాన ఆయన క్రైస్తవానికి ముందువాడు కాడు.

దారి పాతదే, యాత్ర పాతదా?

దారి విషయంలో క్రైస్తవ పూర్వ వాదానికి తిరుగులేని ఆధారం ఉంది. నేటి బోర్డో నగరం నుంచి పిరెనీస్ పర్వతాలు దాటి అస్తోర్గా వరకు ఒక రోమన్ రహదారి ఉండేది. రోమన్ మార్గాల పట్టికలో అది నమోదై ఉంది. యాత్రికుల “ఫ్రెంచి మార్గం” చాలాచోట్ల ఆ రహదారి వెంట, లేదా దాని పక్కన సాగుతుంది. దారిలోని లెయోన్ నగరం పేరు రోమన్ లీజియన్ అనే సైనిక దళం పేరు నుంచి వచ్చింది. అస్తోర్గా సమీప పర్వతాల్లోని లాస్ మెదులాస్ దగ్గర రోమన్లు కొండలను నీటితో కోసి బంగారం తీశారు. ఆ బంగారం, దానికి కాపలా కాసే సైన్యం, పన్ను వసూలు చేసే అధికారులు, ఇవీ ఆ రహదారికి కారణాలు. రహదారి క్రైస్తవానికి ముందుదే. కాని దానిమీద నడిచినవారు భక్తులు కారు.

మరొక చిక్కు ఉంది. సమాధి బయటపడిన తొలి రోజుల్లో యాత్రికులు ఈ ఫ్రెంచి మార్గంలో నడవలేదు. రెండవ అల్ఫోన్సో రాజధాని ఒవియేదో. అక్కడి నుంచి కొండల మీదుగా లూగో పట్టణం గుండా కాంపోస్తెలాకు చేరే దారి ముందు వాడుకలోకి వచ్చింది. దక్షిణాన ముస్లిం పాలకులతో సరిహద్దు వెనక్కి జరిగిన తరువాత, 11వ శతాబ్దంలో నవార్రా, లెయోన్, కాస్తీలియా రాజులు వంతెనలు కట్టించి, ఊళ్లు స్థాపించి, విదేశీ వర్తకులను పిలిచి స్థిరపరచడంతో ఫ్రెంచి మార్గం ప్రధానమయింది. వేల ఏళ్లుగా తెగని యాత్ర ఒకటి ఈ గీత వెంటే సాగి ఉంటే, తొలి క్రైస్తవ యాత్రికులు దాన్ని వదిలి వేరే కొండదారి ఎందుకు పట్టారు? ఈ ప్రశ్నకు ఆ వాదంలో జవాబు లేదు.

1971లో లూయీ షార్పాంతియే అనే ఫ్రెంచి రచయిత కాంపోస్తెలా రహస్యం గురించి ఒక పుస్తకం ప్రచురించాడు. ఈ మార్గం అతి ప్రాచీనమైన దీక్షామార్గమని ఆయన వాదం. ఇలాంటి పుస్తకాల ప్రభావంతో, ఈ దారి ఒకే అక్షాంశం వెంట పడమటికి గీసినట్లు సాగుతుందనీ, దాన్ని ప్రాచీనులు లెక్కగట్టి వేశారనీ చెప్పేవారు ఉన్నారు. మీ దగ్గర అట్లాసు ఉంటే తెరిచి చూడండి. పాంప్లోనా 42 డిగ్రీల 49 నిమిషాల దగ్గర ఉంది. బూర్గోస్ 42 డిగ్రీల 20 నిమిషాలకు దిగుతుంది. లెయోన్ 42 డిగ్రీల 36 నిమిషాలు. కాంపోస్తెలా మళ్లీ 42 డిగ్రీల 53 నిమిషాలు. అర డిగ్రీ తేడా అంటే నేలమీద 50 కిలోమీటర్లకు పైగా ఎడం. ఉత్తరాన కాంటాబ్రియన్ పర్వతాల గోడ ఉంది. దాని దక్షిణ పాదం వెంట నడిచే ఎవరికైనా దారి ఇంచుమించు ఇలాగే వస్తుంది. దీనికి రహస్య విద్య అక్కరలేదు.

పాలపుంత

స్పెయిన్‌లో పాలపుంతను జనం “సాంతియాగో దారి” అంటారు. నక్షత్రాల దారిని పట్టుకొని ప్రాచీనులు పడమటికి నడిచారనడానికి దీన్ని ఆధారంగా చూపుతారు. 12వ శతాబ్దంలో రూపొందిన కాలిక్స్తీనుస్ గ్రంథంలోని నాలుగవ పుస్తకంలో చార్లెమేన్ చక్రవర్తి ఆకాశంలో గాలీసియా వైపు సాగే నక్షత్ర మార్గాన్ని చూశాడనీ, యాకోబు కలలో కనిపించి దాని అర్థం చెప్పాడనీ ఒక కథ ఉంది. చార్లెమేన్ 814లో మరణించాడు. కాబట్టి ఇది 12వ శతాబ్దం తన అవసరం కొద్దీ వెనక్కి జరిపి చెప్పుకున్న కథ మాత్రమే.

పాలపుంత ఆకాశంలో ఒకే దిక్కున నిలిచి ఉండదు. ఋతువును బట్టి, రాత్రి వేళను బట్టి దాని వంపు మారుతుంది. ఒకే రాత్రిలో అది ఎలా తిరుగుతుందో మీరు మీ ఊరి మేడ మీద నుంచే చూడవచ్చు. పైగా ఇంగ్లండులోని నార్‌ఫోక్ ప్రాంతంలో అదే పాలపుంతను వాల్సింగ్‌హామ్ దారి అన్నారు. వాల్సింగ్‌హామ్ 11వ శతాబ్దంలో వెలసినట్లు చెప్పుకునే మేరీమాత క్షేత్రం. మనవాళ్లు అదే పాలపుంతను ఆకాశగంగ అన్నారు. తమకు పవిత్రమైనదాని పేరు జనం ఆకాశానికి పెడతారు. ఆకాశాన్ని చూసి క్షేత్రాన్ని ఎంచుకున్నారని చెప్పడానికి ఈ పేర్లు సరిపోవు.

రాళ్లు చెప్పేది

ఇంతవరకు చదివి ఈ వాదంలో ఏమీ లేదని మీరు అనుకొని ఉంటే కాసేపు ఆగండి. దారినీ, ఆకాశాన్నీ వదిలి గాలీసియా రాళ్ల దగ్గరికి వస్తే పరిస్థితి మారుతుంది.

6వ శతాబ్దంలో బ్రాగా నగర బిషప్పుగా ఉన్న మార్టిన్, సుమారు 570ల్లో, పల్లెజనాన్ని సరిదిద్దడం గురించి ఒక ప్రబోధం రాశాడు. రాళ్ల దగ్గర, చెట్ల దగ్గర, ఊటల దగ్గర, దారులు కలిసే కూడళ్లలో దీపాలు వెలిగించడం సైతానును పూజించడమేనని అందులో మందలించాడు. ఆయన మందలించినవారు క్రైస్తవం తెలియనివారు కారు. బాప్తిస్మం పొందినవారే. అంటే క్రైస్తవులైన తరువాత కూడా రాయికి దీపం పెట్టే అలవాటు ఆ ప్రాంతంలో కొనసాగింది. ఆనాటి మాటల్లోనే, ఆ ప్రాంతపు బిషప్పు కలం నుంచే వచ్చిన ఆధారం ఇది. విరోధి ఇచ్చిన సాక్ష్యం కాబట్టి అతిశయోక్తి ఉండవచ్చు. అయినా లేని అలవాటును ఖండించడానికి ఎవరూ ప్రబోధం రాయరు.

గాలీసియాలో, దాని చుట్టుపక్కల రోమన్ కాలపు “లారెస్ వియాలెస్” అనే దారి దేవతల బలిపీఠాలు చాలా దొరికాయి. ఇబీరియాలో దొరికిన ఇలాంటి శాసనాల్లో అధిక భాగం ఈ మూలవే. తరువాతి కాలంలో అదే ప్రాంతపు కూడళ్లలో రాతి సిలువలు, మృతుల ఆత్మల కోసం కట్టిన చిన్న గూళ్లు విరివిగా కనిపిస్తాయి. కూడలి అంటే భయం, భక్తి రెండూ కలిగిన చోటు అనే భావం నిలిచిందని చెప్పడానికి ఇది మంచి ఆధారం. ఫలానా బలిపీఠం స్థానంలోనే ఫలానా సిలువ వచ్చిందని చెప్పాలంటే మాత్రం ఒక్కొక్క చోటికీ వేరుగా రుజువు కావాలి.

పద్రోన్ అనే ఊరిని చూడండి. యాకోబు దేహాన్ని తెచ్చిన పడవను కట్టివేశారని చెప్పే రాయి అక్కడి చర్చిలో, బలిపీఠం కింద ఉంది. ఊరికి పేరు కూడా ఆ రాయి వల్లనే వచ్చింది. ఆ రాయి నిజానికి రోమన్ సముద్రదేవుడు నెప్ట్యూన్‌కు అంకితమైన బలిపీఠం. దానిమీద శాసనం ఉంది. క్రైస్తవ పూర్వపు పూజావస్తువు ఒకటి అపొస్తలుని కథలో భాగమై, నేటికీ యాత్రికులు దర్శించుకునే స్థితిలో ఉన్నదంటే ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ ఈ మార్గం మొత్తంలో లేదు. ఆశ్చర్యమేమంటే, కెల్టిక్ రహస్యాల గురించి పేజీలు నింపే పుస్తకాలు చాలావరకు ఈ రాయి దగ్గర నాలుగు వాక్యాలతో సరిపెడతాయి. రోమన్ నావికుల దేవుడు వాటికి రుచించడు కాబోలు.

సముద్రతీరాన మూషీయా అనే ఊళ్లో మేరీమాత రాతి పడవలో వచ్చి యాకోబుకు ధైర్యం చెప్పిందని కథ. ఒడ్డునున్న ఊగే బండను ఆ పడవ అనీ, పక్కనున్న వంపు బండను దాని తెరచాప అనీ అంటారు. వంపు బండ కింద తొమ్మిదిసార్లు దూరి వస్తే నడుము నొప్పి పోతుందని నమ్మకం. ఫినిస్తెర్రే అంతరీపం మీద సాన్ గిల్యెర్మో ఆశ్రమ శిథిలాల దగ్గర ఒక రాతి పడక ఉంది. సంతానం లేని దంపతులు అక్కడ పడుకొనేవారని 18వ శతాబ్దపు బెనెడిక్టైన్ పండితుడు మార్తిన్ సార్మియెంతో నమోదు చేశాడు. ఈ ఆచారాల్లో క్రైస్తవ సిద్ధాంతం ఏమీ లేదు. బ్రాగా మార్టిన్ వింటే తప్పక ముఖం చిట్లించేవాడు. కాని మార్టిన్ కాలానికీ సార్మియెంతో కాలానికీ మధ్య పన్నెండు వందల ఏళ్లు ఉన్నాయి. ఆ మధ్యకాలంలో ఈ ఫలానా రాతి దగ్గర ఏం జరిగిందో చెప్పే గొలుసు మన చేతిలో లేదు. ఆచారం పాతదై ఉండవచ్చు. పాతవాటిని పోలిన కొత్త ఆచారమూ కావచ్చు.

పోలిక ఎంత మోసం చేయగలదో ఒక ఉదాహరణ చెబుతాను. ఫ్రెంచి మార్గంలో అస్తోర్గా దాటిన తరువాత కొండ కనుమ మీద “ఇనుప సిలువ” అనే చోటు ఉంది. కర్ర స్తంభం మీద చిన్న ఇనుప సిలువ, దాని కింద యాత్రికులు తెచ్చి వేసిన రాళ్ల పెద్ద గుట్ట. ప్రయాణికుల దేవుడైన మెర్క్యురీకి రోమన్లు వేసిన రాళ్ల కుప్పే ఇదని కొందరు వాదిస్తారు. మన కొండ క్షేత్రాల దారుల్లో కూడా ఇల్లు కట్టుకోవాలని మొక్కుకుంటూ భక్తులు రాయిమీద రాయి పేర్చడం మీలో చాలామంది చూసే ఉంటారు, పేర్చి కూడా ఉంటారు. మన భక్తులు ఆ పని రోమన్ల దగ్గర నేర్చుకున్నారని ఎవరూ అనరు. కొండ ఎక్కే మనిషికి చేతికి అందేది రాయే. కాబట్టి రెండు ఆచారాలు ఒకేలా ఉన్నాయని చూపడం వాదానికి ఆరంభం మాత్రమే. ఒకటి మరొకదాని నుంచి వచ్చిందని చెప్పడానికి మధ్యనున్న మెట్లు చూపాలి.

లోకం అంచున

ఇక ఫినిస్తెర్రే. లాటిన్‌లో దాని అర్థం “నేల అంతం”. రోమన్ సేనాని దెసిముస్ యూనియుస్ బ్రూటుస్ క్రీ.పూ. 2వ శతాబ్దంలో ఈ తీరానికి వచ్చి, సూర్యుడు సముద్రంలో మునగడం చూసి, చూడకూడనిది చూశానేమోనన్న భయంతో వెనుదిరిగాడని చరిత్రకారుడు ఫ్లోరుస్ రాశాడు. క్రైస్తవ పూర్వ వాదానికి ఇష్టమైన ఆధారం ఇది. జాగ్రత్తగా చదవండి. ఫ్లోరుస్ ఆ సేనాని తరువాత రెండు శతాబ్దాలకు పైగా గడిచాక రాసినవాడు. ఆయన చెప్పింది ఒక రోమన్ భయాన్ని గురించి. స్థానికులు అక్కడికి యాత్రగా వచ్చేవారని ఆయన అనలేదు. స్థానిక కథల్లో వినిపించే “ఆరా సోలిస్” అనే సూర్య బలిపీఠాన్ని ఆ అంతరీపం మీద పురావస్తు తవ్వకాలు నిర్ధారించలేదు.

అక్కడ యాత్ర ముగించి బట్టలు కాల్చడం అనాది ఆచారమని గైడు పుస్తకాలు చెబుతాయి. ఇది ఇటీవలి కాలపు యాత్రికుల అలవాటు. మధ్యయుగ యాత్రికులు పాత బట్టలు విడిచింది కాంపోస్తెలా కెథెడ్రల్ దగ్గర. అయితే 14వ శతాబ్దం నాటికే కొందరు క్రైస్తవ యాత్రికులు ఫినిస్తెర్రే వరకు వెళ్లారన్నది నిజం. హంగరీ నుంచి వచ్చిన జార్జ్ అనే యోధుడు సాన్ గిల్యెర్మో ఆశ్రమంలో తపస్సు చేసినట్లు ఆనాటి రచన ఒకటి చెబుతుంది.

ఈ వాదం ఎవరికి కావాలి?

విమర్శలో ఆధారాలతోపాటు అవసరాలను కూడా చూడాలి. 19వ శతాబ్దంలో మనువేల్ ముర్గీయా వంటి గాలీసియా రచయితలు తమ జాతి కెల్టిక్ జాతి అని గట్టిగా చెప్పారు. భాష, అధికారం రెండూ కాస్తీలియా చేతిలో ఉన్న కాలంలో వారికి మాద్రిదుతో సంబంధం లేని గతం అవసరమయింది. మరొకవైపు, ముస్లింలను నరికే గుర్రపు యోధుడిగా యాకోబును చిత్రించిన పాత సంప్రదాయాన్ని ఫ్రాంకో ప్రభుత్వం తన విజయగర్వానికి వాడుకుంది. 1937లోనే యాకోబును స్పెయిన్ రక్షక పునీతునిగా అధికారికంగా మళ్లీ నిలబెట్టింది. అలాంటి యాకోబుతో విసిగినవారికి ఆయన కంటే ముందే ఈ దారి ఉందన్న మాట ఊరటనిచ్చి ఉంటుంది. ఆ ఊరటను నేను తక్కువ చేయను. కాని గాలీసియా పల్లెజనానికి న్యాయం చేయాలంటే వారు నిజంగా చేసిన పనులను చూడాలి. కూడలిలో దీపం పెట్టినందుకు మందలింపు తిన్నవారు, నెప్ట్యూన్ రాయిని పారేయకుండా చర్చిలోకి తెచ్చుకున్నవారు, బండ కింద దూరినవారు చరిత్రలో ఉన్నారు. పాలపుంత వెంట నడిచిన రహస్య దీక్షాపరులను వారి స్థానంలో నిలబెడితే, ఉన్నవారు మళ్లీ కనుమరుగవుతారు.

మార్గానికి 1987లో ఐరోపా మండలి తొలి సాంస్కృతిక మార్గంగా గుర్తింపునిచ్చింది. 1993లో స్పెయిన్‌లోని ఫ్రెంచి మార్గం యునెస్కో జాబితాలో చేరింది. 2023లో యాత్ర పూర్తిచేసి ధ్రువపత్రం పొందినవారు 4 లక్షల 40 వేలకు పైగా ఉన్నారు. వారిలో చాలామంది చర్చికి వెళ్లే అలవాటు లేనివారు. “క్రైస్తవం కంటే పాత దారి” అనే మాట వారికి ఆహ్వానంలా పనిచేస్తుంది. అది నేటి యాత్రను గురించి చాలా చెబుతుంది, ఇనుప యుగాన్ని గురించి ఏమీ చెప్పదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

గాలీసియా ఉత్తర తీరపు కొండకొమ్ము మీద సాన్ ఆంద్రేస్ దె తెయిషీదో అనే మరో క్షేత్రం ఉంది. బతికి ఉండగా అక్కడికి వెళ్లనివారు చనిపోయాక బల్లిగానో, పాముగానో, పురుగుగానో వెళ్లవలసి వస్తుందని నమ్మకం. అందుకే ఆ దారిలో నడిచేవారు చిన్న ప్రాణిని కూడా తొక్కకుండా చూసుకుంటారు. ఈ నమ్మకం క్రైస్తవ పూర్వమైనదని ఒక గైడు పుస్తకం రాసిందనుకోండి. ఆ మాటను అంగీకరించడానికి మీరు ఏ ఆధారాలు అడుగుతారు? దారి, స్థలం, ఆచారం, యాత్ర అనే నాలుగింటిలో దేనికి ఏ ఆధారం సరిపోతుందో రెండు పేజీల్లో రాయండి. పద్రోన్ రాయితో పోల్చి చూడటం మరవకండి.